ఉప్పుగాలి గేట్లకి బందులు, గొళ్ళేలు: ఏవి కొనొచ్చు, ఏవి వద్దు

ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఈ పేరా చదివి వెళ్ళిపోవచ్చు. సముద్రం దగ్గర ఇంటికి మామూలు గేటైతే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ బందులు, అదే గ్రేడ్ గొళ్ళెం, స్క్రూలు కూడా అదే గ్రేడ్‌వి. స్విమ్మింగ్ పూల్ గేటైతే దానంతట అదే మూసుకునే పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) బందులు, అయస్కాంతంతో పడే గొళ్ళెం. బరువైన ఇనప గేటైతే కరిగిన జింకులో ముంచి తీసిన మందపాటి సరుకు. తళతళలాడే జింకు ప్లేటింగ్ సరుకు, క్రోమ్ పూసిన తేలికపాటి గొళ్ళేలు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా ఉప్పుగాలి తగిలే చోట పెట్టకండి. మిగతాదంతా ఎందుకు, ఏమిటి అన్న సంగతి, కాస్త పెద్దదే.

ఇది ఏదో ఒక్క వస్తువు మీద రాస్తున్న రివ్యూ కాదు. గేటు హార్డ్‌వేర్‌లో మామూలుగా దొరికే రకాలన్నిట్లో బాగా పనిచేసినవీ, పాడైపోయినవీ విప్పి చూసుకుని రాస్తున్నాను. విప్పిన ప్రతిసారీ కనిపించింది ఒకటే. సెట్టు ఎప్పుడూ పెద్ద ముక్క దగ్గర చెడదు. కొట్లో మనం చేతిలోకి తీసుకుని బరువు చూసే రెక్క బాగానే ఉంటుంది. లోపల కనపడని పిన్ను, స్ప్రింగు, చిన్న క్లిప్పు, ప్యాకెట్‌లో ఊరికే పడేసిన స్క్రూలు, వీటిలో ఏదో ఒకటి ముందు పోతుంది. అదొక్కటి పోయాక రెక్క ఎంత మంచిదైనా గేటు వాలిపోతుంది, లేదా మూసుకోదు. కాబట్టి డబ్బా మీద ఏ గ్రేడ్ రాశారన్నదాని కంటే ఆ గ్రేడ్ ఏ ముక్కకి వర్తిస్తుందో అడగడం ముఖ్యం.

ఒక సెట్టు సంగతి చెప్తాను. డబ్బా మీద 'మెరైన్ గ్రేడ్' అని పెద్ద అక్షరాలు (కంపెనీ పేరు రాయను, ఇలాంటివి బోలెడున్నాయి). రెక్కలు ఇప్పటికీ మొహం కనపడేంత మెరుస్తున్నాయి, స్క్రూ రంధ్రాల దగ్గర కూడా మచ్చ లేదు. కానీ రెండు రెక్కలు కలిసే గొట్టం అడుగు నుంచి స్తంభం మీదకి ఎర్రటి చార ఒకటి కారింది. గేటు తెరిస్తే కిర్రుమంటోంది, సగంలో ఆగిపోతోంది. పిన్ను కొట్టి బయటికి తీస్తే, పైన గుండ్రటి టోపీ ఉన్నంత మేరా శుభ్రంగా ఉంది, దాని కింద నడుము సన్నబడి, గరుకుగా, వేలితో గీకితే పొలుసుల్లా రాలుతోంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే పిన్ను టక్కున అంటుకుంది, రెక్క అస్సలు అంటుకోలేదు. విషయం అర్థమైంది కదా, రెక్కలు స్టెయిన్‌లెస్, పిన్ను మామూలు ఉక్కు మీద పల్చటి పూత. తుప్పు తను తిన్న ఉక్కు కంటే ఎక్కువ జాగా తీసుకుంటుంది, అందుకే గొట్టం లోపల పిన్ను బిగుసుకుపోయి గేటు తిరగడం మానేసింది. డబ్బా మీద రాసినది అబద్ధం అని కూడా గట్టిగా అనలేం, రెక్కలు నిజంగానే మంచివి మరి!

ఉప్పు విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది, అల తుంపర నేరుగా పడితేనే తుప్పు అనుకుంటారు. సముద్రపు గాలిలో వచ్చే ఉప్పులో సోడియం క్లోరైడ్ ఒక్కటే ఉండదు, మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. మొదటిది గాలిలో తేమ సుమారు 75 శాతం దాటాక గానీ నీరు పట్టి కరగదు, రెండోదానికి 33 శాతం చాలు. అంటే మన చేతికి పొడిగా అనిపించే రోజున కూడా బందు మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర పని చేసుకుంటూనే ఉంటుంది. వాన పడినప్పుడు ఈ ఉప్పు కడుక్కుపోతుంది. వాన తగలని చోట, అంటే కప్పు కింద ఉన్న గేటు మీద, గొళ్ళెం అడుగున, బందు వెనక వైపు, పేరుకుంటూ పోతుంది. కప్పు కింద ఉంది కదా, తుప్పు పట్టదులే అనే ధీమా ఇక్కడ పనికిరాదు, నిజానికి అలాంటి గేటుకే ఎక్కువ కడుగుడు కావాలి.

ఇక స్టెయిన్‌లెస్. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిస్తే పైన కొన్ని నానోమీటర్ల మందాన క్రోమియం ఆక్సైడ్ పొర దానంతట అదే ఏర్పడుతుంది, గీత పడితే గాలి తగిలి మళ్ళీ పూడుతుంది. తుప్పు పట్టకపోవడం వెనక ఉన్న కిటుకు ఇంతే. ఉప్పులోని క్లోరైడ్ ఈ పొరని ఒక్కోచోట పొడిచి చిన్న గుంట చేస్తుంది, ఆ గుంటలో ఆమ్లం తయారై లోపలికి తవ్వుకుంటూ పోతుంది, పైనుంచి చూస్తే సూది మొనంత చుక్కే. మామూలుగా దొరికే 304 గ్రేడ్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316లో వాటితో పాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఈ గుంటలకి అడ్డుపడేది అదే. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, బరువూ ఒకటే, మెరుపూ ఒకటే. అందుకే 304ని 316 అని అంటగట్టడం అంత తేలిక.

అయస్కాంతంతో తేల్చేస్తానని ఎవరైనా అంటే నమ్మకండి. అయస్కాంతం 430 లాంటి నికెల్ లేని చవక రకాన్నీ, మామూలు ఉక్కునీ పట్టిస్తుంది, అంతవరకు మంచి పనిముట్టే, నేను జేబులో పెట్టుకునే వెళ్తాను. కానీ 304, 316 రెండూ దాదాపు అంటుకోవు, వంచిన చోట రెండూ కొద్దిగా అంటుకోవచ్చు. వాటి మధ్య తేడా తెలియాలంటే మాలిబ్డినం పరీక్ష చుక్కల మందు వాడాలి. బోల్టుల విషయంలో పని ఇంకా సులువు, ఐఎస్ఓ 3506 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం తయారైన బోల్టు తల మీద గుర్తు ఉంటుంది: ఏ2 అంటే 304 జాతి, ఏ4 అంటే 316 జాతి, పక్కన ఉండే 70, 80 బలానికి, 70 అంటే 700 మెగాపాస్కల్స్. ఏ4-80 అని కనిపిస్తే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. పోత పోసిన బందుల మీద సీఎఫ్8ఎం అని ఉంటే అది 316కి సమానమైన పోత రకం. ఏ గుర్తూ లేకుండా డబ్బా మీద 'రస్ట్ ప్రూఫ్' అని మాత్రమే ఉంటే నా దృష్టిలో అది ఏమీ రాయనట్టే.

316 కూడా మచ్చ పడదని కాదు. సముద్రం దగ్గర స్టెయిన్‌లెస్ మీద వచ్చే గోధుమరంగు మరకల్ని టీ మరకలు అంటారు, ఆస్ట్రేలియా స్టెయిన్‌లెస్ పరిశ్రమ సంఘం లెక్క ప్రకారం అలలు విరిగే తీరానికి సుమారు 5 కిలోమీటర్ల లోపల ఇవి ఎక్కువ. చూడ్డానికి బాగోవు గానీ మామూలుగా బలానికి ఢోకా లేదు. ఇక్కడ గ్రేడ్ ఎంత ముఖ్యమో నునుపు కూడా అంత ముఖ్యం, ఉపరితలం గరుకు 0.5 మైక్రాన్ల లోపు ఉండాలంటారు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అంటే బాగా పాలిష్ చేసిన 316 మీద ఉప్పు నిలవదు. ఫ్యాషన్ కోసం గీతలు గీతలుగా బ్రష్ చేసినదైతే ఆ గీతల్లో ఉప్పు దాక్కుంటుంది, గీతలు అడ్డంగా ఉంటే మరీను. ఎలక్ట్రోపాలిష్ చేసిన, అంటే కరెంటుతో నున్నగా చేసిన సరుకు దొరికితే ఇంకా మంచిది. ఒకే 316 బందు రెండు ఫినిషుల్లో ఉంటే నేను మారు మాట లేకుండా నున్నటిదే ఎంచుకుంటాను, బ్రష్ ఫినిష్ ఇంటి లోపల తలుపులకి బాగుంటుంది, అక్కడే ఉండనివ్వండి.

వెల్డింగ్ చేసే బందులు కొంటే ఒక జాగ్రత్త. వెల్డు పక్కన నీలం, గోధుమ రంగుల్లో ఒక పట్టీ వస్తుంది చూడండి, అక్కడ ఆ రక్షణ పొర దెబ్బతిని ఉంటుంది. పిక్లింగ్ పేస్టుతో (ఆమ్లం కలిసిన శుభ్రం చేసే పేస్టు) దాన్ని తీసేయమనండి, ఊరికే గ్రైండర్ పెట్టి రుద్ది వదిలేస్తే సరిపోదు. పైగా ఆ పక్కనే మామూలు ఇనుము కోస్తుంటే ఎగిరే రవ్వలు స్టెయిన్‌లెస్ మీద అతుక్కుని, వారం తిరక్కుండా కొత్త బందు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. జనం బందు నకిలీదని కొట్టువాడితో గొడవ పడతారు, అసలు దొంగ గ్రైండర్.

జింకు దగ్గరికి వస్తే, ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. రెండిటినీ 'గాల్వనైజ్డ్' అనే అంటారు. ఒకటి ఎలక్ట్రోప్లేటింగ్, మెరుస్తూ, కొంచెం నీలం లేదా పసుపు ఛాయలో, పూత మామూలుగా 5 నుంచి 12 మైక్రాన్లు. రెండోది హాట్ డిప్, సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీసినది, మసక బూడిద రంగులో, అక్కడక్కడా బొడిపెలతో అందవికారంగా ఉంటుంది, పూత మాత్రం ఉక్కు మందాన్ని బట్టి ఐఎస్ఓ 1461 ప్రకారం సగటున 45 నుంచి 85 మైక్రాన్లు. ఇప్పుడు ఐఎస్ఓ 9223 చూడండి, గాలి ఎంత తినేస్తుందో వర్గాలుగా విడదీసింది. సీ5 అనే వర్గంలో, అంటే తీరం పక్కన, జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు కరుగుతుంది. 8 మైక్రాన్ల ప్లేటింగ్ ఎన్నాళ్ళొస్తుందో లెక్క మీరే వేసుకోండి, మంచి చోట రెండేళ్ళు, చెడ్డ చోట ఒకటి. అదే 70 మైక్రాన్ల హాట్ డిప్ పూత అయితే తక్కువలో తక్కువ ఎనిమిదేళ్ళు. అలల నుంచి దూరంగా, సీ3 వర్గంలో అయితే ఏడాదికి 0.7 నుంచి 2.1 మాత్రమే పోతుంది కాబట్టి హాట్ డిప్ దశాబ్దాలు నిలుస్తుంది, 316కి డబ్బు తగలేయక్కర్లేదు. అందవికారమే గానీ నాకు హాట్ డిప్ అంటే గౌరవం, గీత పడినా చుట్టూ ఉన్న జింకు ముందు తను కరిగి ఉక్కుని కాపాడుతుంది. రంధ్రాలు, వెల్డింగ్ అన్నీ ముంచకముందే అయిపోవాలి, తర్వాత డ్రిల్లు పెడితే అక్కడ పూత పోయినట్టే.

క్రోమ్ గొళ్ళేల గురించి రెండు ముక్కలు చాలు. లోపల జింకు మిశ్రమంతో పోత, పైన సిగరెట్ రేకు కంటే పల్చటి క్రోమ్. ఆ క్రోమ్‌కి ఎక్కడో పిన్ను మొనంత బొక్క ఉంటుంది, ఉప్పు లోపలికి దూరి పొక్కులు లేపుతుంది, పొక్కు పగిలి పెచ్చు ఊడుతుంది, ఆ పెచ్చు అంచు వేలికి కోసుకుంటుంది కూడా. వద్దు.

ఇత్తడి అందంగా ఉంటుంది, చిలుము పట్టినా కొందరికి ఇష్టమే. కానీ మామూలు ఇత్తడిలోంచి ఉప్పునీరు జింకుని లాగేసి గులాబీ రంగు పెళుసు రాగిని మిగులుస్తుంది, స్క్రూ తల తిప్పబోతే విరిగి చేతికొస్తుంది. చెక్క గేటుకి పాతకాలపు అందం కావాలనుకుంటే సిలికాన్ కంచు వెతుక్కోండి, పడవల వాళ్ళు వాడేది అదే.

అల్యూమినియం గేట్లు ఇప్పుడు ఎక్కువ, అవి తుప్పు పట్టవు, నిజమే, కానీ వాటికి స్టెయిన్‌లెస్ బందులు బిగించిన చోట రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరి బ్యాటరీలా పనిచేస్తుంది, అందులో నష్టపోయేది ఎప్పుడూ అల్యూమినియమే. స్క్రూ చుట్టూ తెల్లటి పొడి, పౌడర్ కోటింగ్ కింద పాములా పాకే గీతలు కనిపిస్తే ఇదే సంగతి. ఇక్కడ సైజు లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. పెద్ద అల్యూమినియం ముక్కకి చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ అయితే నష్టం నెమ్మది, మధ్యలో నైలాన్ వాషరు, తొడుగు పెట్టి, మరలకి డ్యూరలాక్ లాంటి అడ్డుపేస్టు రాస్తే చాలు. దీనికి తలకిందులుగా పెద్ద స్టెయిన్‌లెస్ రెక్కకి అల్యూమినియం రివెట్టు కొడితే మాత్రం ఆ రివెట్టు మాయమైపోతుంది. ఇంకో మాట, పౌడర్ కోటింగ్ చేసిన గేటుకి బందు రంధ్రాలు తర్వాత వేస్తే, కోసిన అంచులకి పూత ఉండదు, బిగించే ముందే ఆ అంచులకి ప్రైమర్ పూయండి. ఎవరూ పూయరు, అది వేరే సంగతి.

ఇప్పుడు పూల్ గేటు. ఇక్కడ తుప్పు అందం సమస్య కాదు, ప్రాణం సమస్య. నీళ్ళలో మునిగి చనిపోయేవారిలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల రేటు అన్ని వయసుల కంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పూల్ చుట్టూ కంచె ఉండేది అందుకే, ఆ కంచెలో కదిలే భాగం గేటు ఒక్కటే, గేటులో కదిలే భాగాలు బందులు, గొళ్ళెం. స్ప్రింగు తుప్పు పట్టి బలం తగ్గితే గేటు చివరి రెండు అంగుళాలు మూసుకోదు, చూసేవాళ్ళకి మూసినట్టే ఉంటుంది. వాలిపోయిన గేటు కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే వాలింది కనిపిస్తుంది.

అందుకే పూల్‌కి నేను స్టీల్ స్ప్రింగ్ బందుల కంటే గాజుపీచు కలిపిన పాలిమర్ బందులకే ఎక్కువ మార్కులు వేస్తాను. ట్రూక్లోజ్ పేరుతో డీ అండ్ డీ టెక్నాలజీస్ వాళ్ళు అమ్మేవి ఈ రకమే: ఒళ్ళు పాలిమర్, స్ప్రింగు టెన్షన్ స్క్రూడ్రైవర్‌తో సర్దుకోవచ్చు. పాలిమర్‌కి క్లోరైడ్ అంటే లెక్కే లేదు, కిర్రుమనదు, అల్యూమినియం గేటుతో బ్యాటరీ గొడవా ఉండదు. దానికున్న శత్రువు ఎండ. అల్ట్రావయొలెట్‌కి తట్టుకునే మందు కలపని చవక ప్లాస్టిక్ అయితే పైన సున్నంలా తెల్లబడి, తర్వాత పగుళ్ళు వస్తాయి, కాబట్టి పేరు లేని పాలిమర్ బందు కొనడం కంటే మంచి స్టీల్ బందు నయం. ఇంకో షరతు, గేటు బరువు. ప్రతి బందుకీ తయారీదారు ఒక గరిష్ఠ బరువు రాస్తాడు, అది జతకా ఒక్కోదానికా చూసుకోండి, గేటు వెడల్పుగా ఉంటే ఆ అంకె మీద కూడా కొంత తగ్గించుకోవాలి. బరువైన గాజు గేటుకో, ఇనప గేటుకో ఇవి పెట్టి తర్వాత తిట్టుకుంటే లాభం లేదు.

గొళ్ళెం విషయంలో అదే కంపెనీ మాగ్నాలాచ్ నాకు బాగా నచ్చింది. మామూలు గొళ్ళెంలో గేటు వచ్చి నాలుకని గుద్ది, దాన్ని వెనక్కి నెట్టి, అప్పుడు పడాలి, స్ప్రింగు కాస్త నీరసపడినా, మధ్యలో ఇసుక చేరినా ఆ గుద్దుడు చాలదు. అయస్కాంతపు గొళ్ళెంలో గేటు దగ్గరికొచ్చాక అయస్కాంతమే నాలుకని లాగి పడేస్తుంది, అంతవరకు గేటుకి అడ్డు తగిలేదేమీ ఉండదు. ఇలాంటి గొళ్ళెం ఏ కంపెనీది కొన్నా అయస్కాంతం పూర్తిగా పాలిమర్ లోపల మూసి ఉందో లేదో చూడండి. నియోడిమియం అయస్కాంతాలు బలమైనవే గానీ తడి తగిలితే తుప్పు పట్టి పొడైపోతాయి. పైన నాబ్ పట్టుకుని ఎత్తితే తెరుచుకునే మోడల్ తీసుకోండి, పిల్లలకి అందదు. ఎత్తు గురించి నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. అమెరికా మార్గదర్శకాల్లో తెరిచే మీట నేల నుంచి 54 అంగుళాలు, ఆస్ట్రేలియా ప్రమాణంలో 1500 మిల్లీమీటర్లు, అంతకంటే కింద పెడితే చెయ్యి దూరకుండా అడ్డులాంటి అదనపు షరతులు. గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలన్నది రెండు చోట్లా ఉంది, పిల్లవాడు తోస్తే ఇంకా మూసుకునేలా.

బిగించాక పరీక్ష ఇలా: గేటుని పూర్తిగా తెరిచి వదిలితే అందరి గేటూ మూసుకుంటుంది, వేగం ఉంటుంది కాబట్టి. సగం తెరిచి వదలండి, జానెడు తెరిచి వదలండి, చివరికి గొళ్ళేనికి ఆనించి మెల్లగా చెయ్యి తీసేయండి. ఆ ఆఖరి పరీక్షలో కూడా టక్కుమని పడాలి. గాలి ఎదురు వీస్తున్న రోజున మళ్ళీ చూడండి, తీరంలో గాలి ఊరికే ఉండదు కదా. టెన్షన్ మరీ పెంచితే గేటు దబాలున కొట్టుకుని గొళ్ళెం బిగింపులు వదులవుతాయి, పడేంత ఉంటే చాలు.

పూల్ నీళ్ళ ఉప్పు గురించి అనవసరమైన భయం కొంత, అవసరమైనది కొంత. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసుకునే పూల్‌లో లీటరుకి 3 నుంచి 4 గ్రాముల ఉప్పు ఉంటుంది, సముద్రంలో సుమారు 35. పదో వంతే. కానీ తుంపర గేటు మీద పడి ఆరిపోయి, మళ్ళీ పడి ఆరిపోతుంటే మిగిలేది గట్టి ఉప్పే. అంతకంటే పెద్ద విలన్ వేరే ఉంది, పూల్ మందుల గది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం డబ్బా, క్లోరిన్ బిళ్ళల డబ్బా గేటు పక్కనే పెట్టేవాళ్ళున్నారు, ఆ మూతల సందుల్లోంచి వచ్చే ఆవిరి 316ని కూడా వారాల్లో మచ్చలు మచ్చలు చేస్తుంది. బందుల మీద డబ్బు పెట్టే ముందు ఆ డబ్బాల్ని అక్కడ్నించి దూరంగా, గాలి ఆడే చోటికి మార్చండి, ఖర్చు లేని పని.

ఇండోర్ పూల్ అయితే లెక్కే వేరు. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్‌లో ఇండోర్ పూల్ కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు, దాన్ని మోస్తున్న స్టెయిన్‌లెస్ కడ్డీలు క్లోరైడ్ వల్ల, లాగుడు ఒత్తిడిలో పగిలిపోయాయి. పైకి ఇంత తుప్పు కూడా కనపడకుండా లోపల పగుళ్ళు పాకడం ఈ జబ్బు లక్షణం. గేటు బందుని సీలింగ్‌తో పోల్చి భయపెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ మూసి ఉన్న పూల్ హాల్లో ఎవరూ కడగని, బరువు మోసే ఏ ముక్కకీ 304, 316 చాలవని యూరప్ వాళ్ళు అక్కడ 1.4529, 1.4547 లాంటి పైస్థాయి గ్రేడ్‌లు వాడమంటారు. ఇంట్లో ఇండోర్ పూల్ ఉన్నవాళ్ళు గేటు సంగతి తర్వాత, ముందు పైన వేలాడే లైట్లని పట్టుకున్నదేమిటో చూసుకోవడం మంచిది.

మళ్ళీ స్క్రూల దగ్గరికి. ప్యాకెట్‌లో వచ్చేవి పక్కన పడేసి ఏ4 గుర్తువి విడిగా కొనండి, 316 బందుకి జింకు స్క్రూ పెడితే ఆ స్క్రూ మామూలు కంటే వేగంగా పోతుంది, పెద్ద స్టెయిన్‌లెస్ పక్కన చిన్న జింకు ముక్క కదా. చెక్క గేటుకి రాగి మందు పట్టించిన కలప వాడితే అక్కడ కూడా పల్చటి జింకు, అల్యూమినియం నిలవవు. స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు బిగించేటప్పుడు మిషన్‌తో జోరుగా తిప్పకండి. రెండూ ఒకే లోహం కాబట్టి రాపిడికి వేడెక్కి మరలు అతుక్కుపోతాయి, ఇక ముందుకీ రాదు వెనక్కీ పోదు, కోసి తీయాల్సిందే. నైలాన్ రింగు ఉన్న నట్టు అయితే ఇంకా మొండి. మరలకి కాస్త యాంటీ సీజ్ పేస్టు రాసి, స్పానర్‌తో నింపాదిగా.

కడగడం అన్నది జనానికి రుచించని సలహా, అయినా చెప్పక తప్పదు. మంచినీళ్ళు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డ. తీరం పక్కనైతే నెలకోసారి, వాన తగలని గేటుకి ఇంకా తరచుగా, గొళ్ళెం అడుగు, బందు వెనక మరవకుండా. ఇనప పీచుతో తోమారంటే అయిపోయింది, దాని రజను స్టెయిన్‌లెస్‌లో ఇరుక్కుని అదే తుప్పు పడుతుంది. బ్లీచింగ్ నీళ్ళు అసలే వద్దు. ప్రతిదానికీ డబ్ల్యూడీ-40 కొట్టే అలవాటు ఉంది మనందరికీ, బిగిసింది వదలడానికి బాగుంటుంది, తడి తరిమేస్తుంది, కానీ నెలల తరబడి నిలిచే కందెన కాదు. గ్రీజు పెడితే ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. పొడి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) స్ప్రే గానీ సిలికాన్ స్ప్రే గానీ మేలు. తాళం రంధ్రంలో గ్రాఫైట్ పొడి పోయమని పెద్దలు చెప్తారు, ఉప్పుగాలిలో మాత్రం వద్దు, గ్రాఫైట్ అంటే కార్బనే, అది కూడా బ్యాటరీలో ఒక పక్కన చేరి పక్క లోహాన్ని తినిపిస్తుంది.

అమ్మేవాళ్ళు చెప్పే ఒక అంకె గురించి హెచ్చరిక: 'వెయ్యి గంటల సాల్ట్ స్ప్రే పరీక్ష పాసైంది'. ఆ పరీక్ష, ఏఎస్‌టీఎం బీ117, 35 డిగ్రీల పెట్టెలో 5 శాతం ఉప్పునీటి పొగ ఆపకుండా కొట్టడం. ఎండ లేదు, ఆరడం లేదు, తడవడం ఆరడం అన్న చక్రమే లేదు. ఒకే రకం పూతలు రెండు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికొస్తుంది, వెయ్యి గంటలంటే ఇన్నేళ్ళు అని ఎవరైనా లెక్క కడితే అది వాళ్ళ కల్పనే. దాని బదులు నేను అడిగేవి: పిన్ను ఏ గ్రేడ్, స్ప్రింగు ఏ గ్రేడ్, స్ప్రింగు గానీ నాలుక గానీ విడిగా దొరుకుతుందా, వారంటీలో తీరప్రాంతాన్ని మినహాయించారా. ఆఖరిది చిన్న అక్షరాల్లో ఉంటుంది, సముద్రానికి ఇంత దూరం లోపలైతే వారంటీ వర్తించదు అని. నెలనెలా కడిగినట్టు చూపించాలని రాసినవి కూడా ఉన్నాయి.

మార్చాల్సి వస్తే బందులు జతగానే మార్చండి. స్ప్రింగు ఉన్న రకంలో ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే రెండు టెన్షన్లూ కలవవు, గేటు మెలి తిరిగినట్టు మూసుకుని గొళ్ళెం గీత తప్పుతుంది. తీసిన జతలో బాగున్నదాన్ని పారేయకండి, పెరటి వైపు స్ప్రింగు అక్కర్లేని చిన్న తలుపుకి పనికొస్తుంది.